సీలింగ్ విప్పి చూశాకే మా బాత్రూం లైట్లు నిలిచాయి

తిరుపతిలో ఇల్లున్నవాళ్లకు బంధువుల్లో ఎవరికి ఏ తేదీకి దర్శనం టికెట్లు దొరికాయో అడగకుండానే తెలిసిపోతుంది. ముందురోజు రాత్రి దిగుతారు, తెల్లవారుజామున రెండింటికే లేస్తారు, ఒకరి తర్వాత ఒకరు వేడినీళ్ల స్నానాలు. ఆ రాత్రుళ్లు మా కామన్ బాత్రూంలో గీజర్ ఆగే ప్రసక్తే ఉండదు. ఒకరి ఆవిరి బయటికి పోకముందే ఇంకొకరు లోపలికి దూరతారు. సీలింగ్ లైట్ల సంగతి రాస్తూ చుట్టాల గురించి ఎందుకంటే, ఆ లైట్లు పోవడానికి సగం కారణం ఆ గీజరే. మిగతా సగం పై ఫ్లాటు నుంచి దిగింది.

మాది ఎం.ఆర్. పల్లె వైపు ఒక అపార్ట్‌మెంట్. పై ఫ్లాటు బాత్రూం పైపులన్నీ మా స్లాబు కింద వేలాడుతుంటాయి. అవి కనబడకుండా బిల్డర్ పీవీసీ పలకలతో ఫాల్స్ సీలింగ్ కొట్టించాడు. అందులో ఆరు వాట్ల గుండ్రటి ఎల్‌ఈడీ ప్యానెల్ లైట్లు మూడు దించాడు: షవర్ మీద ఒకటి, వాష్‌బేసిన్ మీద ఒకటి, కమోడ్ మీద ఒకటి. గీజర్‌ను కూడా ఆ సీలింగ్ పైకే ఎక్కించేశాడు. చూడటానికి నీటుగానే ఉంటుంది. పైన ఏం జరుగుతోందో మాత్రం ఎవరికీ కనబడదు.

షవర్ మీది లైటు వేసిన కాసేపటికి టపటపా కొట్టుకుని ఆరిపోయేది. కొంతసేపు ఆపి ఉంచితే మళ్లీ మామూలే. బేసిన్ లైటుది ఇంకో రకం జబ్బు. స్విచ్ ఆపేసినా రాత్రిపూట సన్నగా, పాలిపోయినట్టు వెలుగుతూ ఉండేది. మా చిన్నది దానికి దెయ్యం లైటని పేరు పెట్టి, రాత్రిళ్లు ఆ బాత్రూంకు ఒంటరిగా వెళ్లడం మానేసింది. కమోడ్ లైటుకు ఏ రోగమూ లేదు. వీటన్నిటికీ తోడు, ఎక్కడైనా కరెంటు లీకైతే దానంతటదే ఆగిపోయే స్విచ్ ఆర్‌సీసీబీ కొన్నిసార్లు పొద్దున్నే పడిపోయేది. ఇన్వర్టర్ ఉంది కాబట్టి లైట్లూ ఫ్యాన్లూ ఆగవు. ఫ్రిజ్ చప్పుడు లేదేమిటని చూస్తేగానీ ఆ సంగతి తెలిసేది కాదు.

లైటు పాడైతే ఎలక్ట్రీషియన్ వచ్చేవాడు, కొత్తది బిగించేవాడు, డబ్బులు తీసుకుని వెళ్లేవాడు. కొన్ని నెలలకు మళ్లీ అదే కథ. కొత్త లైటు డబ్బా మీద 25,000 గంటలు అని అచ్చేసి ఉంది. రోజుకు నాలుగు గంటలు వేసుకున్నా పదిహేడేళ్లు రావాలి. మాకు ఏడాది కూడా రావడం లేదు. నాసిరకం లైట్లన్నది అందరూ చెప్పే మాటే. కానీ అదే డబ్బాలోంచి తీసి బిగించిన కమోడ్ లైటు రాయిలా పనిచేస్తుంటే ఆ మాట నాకు నమ్మబుద్ధి కాలేదు.

అందుకే ఈసారి ఎవరినీ పిలవకముందే కొంత చూసుకుందామనుకున్నాను. మొదట తేల్చుకోవాల్సింది ఒకటే: ఒక్క లైటే కొట్టుకుంటోందా, అన్నీ కొట్టుకుంటున్నాయా? అన్నీ ఒకేసారి కొట్టుకుంటే వోల్టేజీనో, స్విచ్‌బోర్డులో వదులైన స్క్రూనో, అందరికీ ఉమ్మడిగా వచ్చే న్యూట్రల్ జాయింటో అనుమానించాలి. మాకు షవర్ లైటు ఒక్కటే. అంటే ఆ ప్యానెల్, దాని డ్రైవర్, దాని జాయింటు, ఈ మూడింట్లో ఒకటి.

డ్రైవర్ అంటే ప్యానెల్‌కు తోకలా వేలాడే చిన్న తెల్ల డబ్బా. ఇంట్లోకి వచ్చే 230 వోల్టుల ఏసీని ఎల్‌ఈడీకి కావలసిన తక్కువ వోల్టుల డీసీగా మార్చేది అదే. ఎల్‌ఈడీలు అంత తొందరగా చావవు. చచ్చేది ఎక్కువసార్లు డ్రైవరే, అందులోనూ లోపలి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు. వేడి పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందని ఎలక్ట్రానిక్స్ వాళ్లు లెక్క చెబుతారు. షవర్ లైటు డ్రైవర్ ఉన్నది గీజర్ పక్కనే, గాలి ఆడని చోట.

ఇది ఊహ. నిజమో కాదో తేల్చడానికి షవర్ లైటు డ్రైవర్నీ కమోడ్ లైటు డ్రైవర్నీ అటూ ఇటూ మార్చి చూడాలనుకున్నాను. రెండింటి మీదా అవుట్‌పుట్ 300 మిల్లీ ఆంపియర్లు అనే ఉంది కాబట్టి మార్చొచ్చు. ఆ అంకె కలవకపోతే మార్చకూడదు. డ్రైవర్‌కూ ప్యానెల్‌కూ మధ్య పిన్ను ఉంటుంది, దాన్ని కరెంటు ఉండగా ఊడదీసి పెట్టకూడదు కూడా. ఖాళీగా ఉన్న డ్రైవర్ ఎక్కువ వోల్టేజీ పట్టుకుని ఉంటుంది, పిన్ను తగలగానే మంచి ప్యానెల్ కూడా మాడిపోతుంది. ముందు పిన్ను పెట్టాలి, తర్వాతే స్విచ్ వేయాలి.

లైటు కిందికి తీయాలంటే ముందు కరెంటు ఆపాలి కదా. ఈ మొత్తం వ్యవహారంలో నేను అందరికీ గట్టిగా చెప్పేది ఇక్కడే ఉంది.

స్విచ్ ఆపాం. ఇంటి లైన్లన్నిటి స్విచ్‌లూ ఉండే పెట్టెలో, అంటే డీబీలో, బాత్రూం అని రాసి ఉన్న ఎంసీబీ (ఒక్కో లైన్‌కు ఉండే ట్రిప్ స్విచ్) దించాం. అది గీజర్‌ది మాత్రమేనట, లైటు వెలుగుతూనే ఉంది. సరే అని మెయిన్ దించాం. హాల్లో ఇన్వర్టర్ టక్కుమంది, ఫ్యాను ఒక్క క్షణం తడబడి మళ్లీ తిరిగింది, బాత్రూం లైటు నవ్వుతూ వెలిగింది. మన ఇళ్లల్లో చాలా చోట్ల లైట్లకూ ఫ్యాన్లకూ ఫేజు ఇన్వర్టర్ నుంచి విడిగా వస్తుంది. మెయిన్ దించేస్తే కరెంటు పోయినట్టు కాదు, ఇన్వర్టర్‌కు పని అప్పగించినట్టు. పోనీ ఇన్వర్టర్ ముందున్న బటన్ ఒక్కటే ఆపితే సరిపోతుందా అంటే అదీ లేదు. బటన్ ఆపినా బయటి కరెంటును నేరుగా దాటించేస్తాయి చాలా ఇన్వర్టర్లు. మెయినూ ఆగాలి, ఇన్వర్టరూ ఆగాలి. రెండూ ఆపాక కూడా వైరు దగ్గరే చూసుకోవాలి.

చూసుకోవడానికి జేబు టెస్టర్ ఒక్కదాన్నే నమ్ముకోవడం నాకు ఇష్టం లేదు. లోపలి బల్బు పోయిన టెస్టర్ కూడా కరెంటు లేదనే చెబుతుంది. ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడైతే ఒక్కోసారి రెండు వైర్ల మీదా మసగ్గా వెలిగి అయోమయం చేస్తుంది. మల్టీమీటర్‌ను ఏసీ 750 వోల్టుల దగ్గర పెట్టి, ముందు కరెంటు ఉన్న చోట పెట్టి అది పనిచేస్తోందని చూసుకోవాలి. తర్వాత మనం ముట్టుకోబోయే వైర్ల మీద పెట్టాలి: ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య, ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య. అయ్యాక మళ్లీ కరెంటు ఉన్న చోట ఇంకోసారి. ఇంట్లో కరెంటంతా ఆపేశాక అలాంటి చోటు ఎక్కడిదంటే, మా ఫ్లోర్ కారిడార్‌లో అపార్ట్‌మెంట్ ఉమ్మడి లైన్ మీద ఒక ప్లగ్గు ఉంది. దానికోసం చెప్పులేసుకుని బయటికి వెళ్లి వచ్చాను.

మా అత్తమ్మ డీబీ ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. ఎవరైనా మరిచిపోయి మెయిన్ వేస్తారని కాగితం అంటిద్దామంటే, ‘కాగితం ఎవురు చదవతారు మే, నేనుండా గదా’ అంది. కాగితం కంటే ఆమే నయం.

డ్రైవర్లు మార్చి చూస్తే జబ్బు డ్రైవర్ వెంటే వెళ్లింది. కమోడ్ లైటు కొట్టుకోవడం మొదలుపెట్టింది, షవర్ లైటు కుదురుగా వెలిగింది. ప్యానెల్ మంచిదే, డ్రైవరే పోయింది. సగం లెక్క తేలింది.

ఆర్‌సీసీబీ సంగతి అంత తేలిగ్గా తేలలేదు. ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రాకుండా భూమిలోకి ఎంతో కొంత కారిపోతుంటే అది పడిపోతుంది. ఇళ్లల్లో పెట్టేవి 30 మిల్లీ ఆంపియర్లవి. అది పడిందంటే అందరి వేళ్లూ గీజర్ వైపే చూపిస్తాయి. చాలా ఇళ్లల్లో నిజంగానే గీజర్ రాడ్డే దొంగ. కానీ మా ఇంట్లో గీజర్ ఎంసీబీ దించి ఉన్నప్పుడు కూడా పడింది. అన్ని ఎంసీబీలూ దించి, ఆర్‌సీసీబీ ఎత్తి, ఒక్కొక్కటే వేసుకుంటూ వస్తే ఇన్వర్టర్‌కు వెళ్లే ఎంసీబీ వేయగానే పడింది. అంటే కారుతున్నది లైట్లూ ఫ్యాన్ల లైన్‌లో. ఇంకో విషయం కూడా గమనించాను. అది పడే వేళకు మా బాత్రూంలో ఎవరూ ఉండటం లేదు. పైన నీళ్లు పడుతున్న చప్పుడు మాత్రం పైపులో వినబడుతోంది.

ఇక అప్పుడు ఎలక్ట్రీషియన్‌ను పిలిచాం. ఇదివరకు వచ్చినాయన కాదు, కొర్లగుంట నుంచి ఒక కుర్రాడు. లైటు విప్పకుండా ముందు స్విచ్‌బోర్డు విప్పాడు. బేసిన్ లైటు స్విచ్‌కు, న్యూట్రల్‌కు వాడే నల్ల వైరు బిగించి ఉంది.

‘అక్కా, ఫేజు నేరుగా లైటుకే పోతా ఉండాది. స్విచ్చిని న్యూట్రల్‌లో పెట్టేసుండారు. నువ్వు ఆపినా లైటుకాడ కరెంటు ఉన్నట్టే.’

దెయ్యం అదన్నమాట. స్విచ్ ఆపితే తెగుతున్నది న్యూట్రల్. ఫేజు లైటు దాకా వచ్చి కూర్చునే ఉంది. అలా కూర్చున్న ఫేజు నుంచి అతి కొద్ది కరెంటు చుట్టుపక్కలకు లీకవుతూ ఉంటే ఎల్‌ఈడీకి ఆ కాస్త చాలు, మిణుకుమంటుంది. పాతకాలపు ఫిలమెంట్ బల్బు అయితే వెలిగేదీ కాదు, మాకు ఈ సంగతి తెలిసేదీ కాదు. స్విచ్‌లో చిన్న ఇండికేటర్ ఉన్నా, పక్కపక్కన పొడుగ్గా వెళ్లే వైర్ల వల్లా కూడా ఇలా మిణకడం ఉంటుంది, అది ప్రమాదం కాదు. స్విచ్ ఆపి ఉండగా లైటు దగ్గర ఫేజు ఉంటే మాత్రం ప్రమాదమే. బల్బు మార్చడానికి స్విచ్ ఆపి చెయ్యి పెట్టేవాళ్లే కదా అందరూ.

తర్వాత సీలింగ్ పలక ఒకటి జరిపి తీశాడు. టార్చ్ వేసి, ఏమీ మాట్లాడకుండా స్టూలు దిగి నన్ను ఎక్కమన్నాడు.

బేసిన్ లైటు జాయింటు, సీలింగ్ పలకలను మోసే ఇనప చానల్ మీద పడుకుని ఉంది. వైర్లు మెలితిప్పి చుట్టిన టేపు జిగురు కరిగి, నల్లగా, చేతికంటేలా ఉంది. చివర టేపు ఊడిన చోట రాగి తీగ మీద పచ్చగా చిలుము. దానికి సరిగ్గా పైన పై ఫ్లాటు నహానీ ట్రాప్ (గచ్చు మీది నీళ్లు పోయే జాలీ) పైపు, దాని అడుగున తెల్లటి ఉప్పు గడ్డకట్టి, ఆ గడ్డ కొసన ఒక నీటిబొట్టు. చానల్ ఇంకో కొస గీజర్ ఇనప ఒంటికి ఆనుకుని ఉంది. గీజర్‌కు ఎర్త్ ఉంది. పైన వాళ్లు స్నానం చేస్తే బొట్లు జాయింటు మీద పడతాయి, ఎప్పుడూ ఉండే ఫేజు తడి మీదుగా చానల్‌లోకి, చానల్ నుంచి గీజర్ ఎర్త్‌లోకి. ఆర్‌సీసీబీ పడిపోతుంది. అది పడ్డాక? ఇన్వర్టర్ మేలుకుని అదే తడి జాయింటుకు కరెంటు పంపుతుంది, ఈసారి కాపలా లేకుండా. ఈ చివరిది తలుచుకుంటేనే నాకు టెన్షన్ వచ్చింది. ఆర్‌సీసీబీని విసుక్కున్న రోజులున్నాయి మా ఇంట్లో. పాపం అది దాని పని అది చేస్తూనే ఉంది.

కాబట్టి లైట్లు కొనడానికి ముందు పై ఫ్లాటు మెట్లెక్కాల్సి వచ్చింది. పైన అంకుల్ రిటైరైన లెక్చరర్, మర్యాదస్తుడే కానీ తన బాత్రూంలో లీకు ఉందంటే ఒప్పుకోడు. ‘మా గచ్చు పొడిగానే ఉంటుందమ్మా, మీ పైపుదేమో చూసుకోండి’ అన్నారు. వాదన ఎందుకని ఒక బకెట్ నీళ్లలో నీలిమందు కలిపి వాళ్ల షవర్ కింద పోయమన్నాను. ఆయన్నే కిందికి తీసుకొచ్చి స్టూలు మీద నిలబెట్టాం. కాసేపటికి గడ్డ కొసన బొట్టు నీలంగా దిగింది. ఆ తర్వాత ఆయనే ప్లంబర్ని పిలిపించి, ట్రాప్ చుట్టూ పాత సిమెంటు తవ్వించి, వాటర్‌ప్రూఫింగ్ చేయించి, టైల్స్ సందుల్లో ఎపాక్సీ నింపించారు. డబ్బులెవరు పెట్టుకోవాలన్న దాని మీద అసోసియేషన్ మీటింగ్‌లో జరిగిన చర్చ ఇక్కడ అనవసరం.

లైట్లు గాంధీ రోడ్డులో కొన్నాను. షాపాయన ‘ఎన్ని వాట్లు, వైటా వార్మా’ అని రెండే అడిగాడు. నాకు కావలసింది ఐపీ నంబరు. ఐపీ తర్వాత వచ్చే మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీళ్లకు. మామూలు ప్యానెల్ లైట్లు చాలావరకు ఐపీ 20, అంటే నీళ్ల నుంచి ఏ రక్షణా లేదు. ఐపీ 44 అయితే చిందే నీళ్లకు తట్టుకుంటుంది, ఐపీ 65 అయితే పైపుతో నీళ్లు కొట్టినా ఫర్వాలేదు. అంతర్జాతీయ వైరింగ్ నియమాలు షవర్ ఉన్న చోట నేల నుంచి 2.25 మీటర్ల ఎత్తు దాకా తడి ప్రాంతంగానే లెక్కేస్తాయి. మా ఫాల్స్ సీలింగ్ కొలిస్తే ఏడడుగుల రెండంగుళాలు, అంటే 2.18 మీటర్లు. షవర్ లైటు ఆ లెక్కలోకే వస్తుంది. ‘బాత్రూంకు అందరూ మామూలుదే తీసుకుంటారు మేడం’ అన్నాడు షాపాయన. అందరివీ ఎన్నాళ్లు నిలుస్తున్నాయో అడిగితే నవ్వి లోపలికెళ్లి ఐపీ 65వి తెచ్చాడు. మూడూ అవే తీసుకున్నాను. అయితే ఆ అంకె ప్యానెల్‌కేనా, డ్రైవర్‌కు కూడానా అన్నది తిప్పి చూడాలి. కొన్నిటికి ముందు భాగమే ఐపీ 65, డ్రైవర్ మాత్రం మామూలు డబ్బానే. డ్రైవర్ మీద నాణ్యతా ప్రమాణాల సంస్థ బీఐఎస్ గుర్తు పక్కన ‘ఆర్’తో మొదలయ్యే నంబరు ఉంటుంది, దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి అక్కడే చూసుకున్నాను. రంగు 4000 కెల్విన్. మా ఆయనకు 6500 తెల్లగా ఉండాలి, కానీ ఆ వెలుగులో అద్దం ముందు నిలబడితే మనిషి జ్వరం నుంచి లేచినట్టుంటాడు.

ఒకే వాట్ల లైట్లకు కూడా కంపెనీ కంపెనీకీ కటౌట్ మారుతుంది. లైటు అంచు కాదు, సీలింగ్‌లో రంధ్రం కొలుచుకుని వెళ్లాలి. రంధ్రం చిన్నదైతే పీవీసీని కాస్త కోయొచ్చు. పెద్దదైతే చేసేదేమీ లేదు. నేను కొన్నవాటికి క్లిప్పులు అటూ ఇటూ జరిగేవి, ఆ బెడద తప్పింది.

బిగించే రోజు మళ్లీ అదే తంతు: మెయిన్, ఇన్వర్టర్, మీటర్, కుర్చీలో అత్తమ్మ. స్విచ్‌బోర్డులో ఫేజూ న్యూట్రల్ సరిచేయడం కుర్రాడే చేశాడు. గోడలో వైరింగ్ జోలికి నేను వెళ్లలేదు, వెళ్లకూడదు కూడా. పాత ప్యానెల్ తీసేటప్పుడు రెండు పక్కలా ఉన్న స్ప్రింగ్ క్లిప్పులు వేళ్ల మీద ఫట్‌మని కొడతాయి. ప్యానెల్‌ను కొద్దిగా కిందికి లాగి, సందులో వేళ్లు పెట్టి క్లిప్పులు రెండూ పైకి మడిచి పట్టుకుంటే మెల్లగా దిగుతుంది. అల్యూమినియం నిచ్చెన తీసుకురాబోతే ఆ కుర్రాడే వద్దని చెక్క స్టూలు అడిగాడు, కింద గచ్చు తుడిపించాడు.

కొత్త జాయింట్లకు టేపు చుట్టలేదు. లీవర్ ఎత్తి వైరు పెట్టి మూసే కనెక్టర్లు వాడాం. వైరు కొసన ఇన్సులేషన్ కొలత ప్రకారమే ఒలిచి పెట్టాక లాగి చూస్తే ఊడకూడదు, రాగి బయట కనబడకూడదు. ఆ కనెక్టర్లను మూతున్న ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి, పెట్టెను చానల్‌కు దూరంగా, పైపుల కింద లేని చోట స్లాబుకు స్క్రూ చేశాడు. పెట్టెలోకి వెళ్లే ముందు ప్రతి వైరునూ కిందికి ఒక వంపు తిప్పి వదిలాడు. ఎందుకని అడిగితే, ‘ఎప్పుడన్నా నీళ్లు పడినా వైరెంబడి వచ్చి ఆ వంపుకాడ కారిపోతాయి అక్కా, పెట్టెలోకి పోవు’ అన్నాడు. అంత చిన్న సంగతి ఇదివరకు వచ్చినవాళ్లలో ఒక్కరూ చేయలేదు. చానల్‌ను గీజర్‌కు తగలకుండా కోసేశాడు. షవర్ లైటు డ్రైవర్ వైరు పొడిగించి గీజర్‌కు ఎదురు మూలకు మార్చాడు.

కరెంటు వేశాక ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కితే వెంటనే పడింది, మళ్లీ ఎత్తాం. బేసిన్ స్విచ్ ఆపి లైటు దగ్గర మీటర్ పెడితే సున్నా. గీజర్ వేసి, లైట్లన్నీ వేసి, తలుపు మూసి గంటసేపు ఆవిరి పట్టించాం. ఏదీ కొట్టుకోలేదు.

ఒక పీవీసీ పలకను మాత్రం బిగించకుండా, జరిపి తీసుకునేలా వదిలేయమన్నాను. అక్టోబర్ నుంచి ఇక్కడ ఈశాన్య రుతుపవనాల వానలు కదా, డిసెంబర్ చివర్లో పలక జరిపి టార్చ్ వేసి చూశాం. ట్రాప్ పైపు పొడిగా ఉంది, పెట్టె మూత మీద దుమ్ము తప్ప మరకల్లేవు. షవర్ మీది పాత ప్యానెల్ బాగానే ఉంది కాబట్టి, బాల్కనీలో పోయిన లైటు స్థానంలో దాన్ని కొత్త డ్రైవర్‌తో బిగించేశాను.